ఊడు గారి ఇరవై ఒక్క రోజులు

ఏప్రిల్ 3, సోమవారం. ఉదయం 6.10

మొదటి రోజు!

నిన్న మా ఆవిడ చేతికి చెప్పుల పెట్టె దొరికింది. అందులో చెప్పులు లేవు. రెండు వందల పన్నెండు కార్డులున్నాయి. కార్డుకో వాక్యం. అన్నీ ఆవిడవే. ప్రతిదాని కిందా ఎర్ర సిరాతో: మూలం, ఇంటావిడ. చోటు, వంటగది. సందర్భం, కోపం.

కొన్నిటి మీద సందర్భం, తీవ్రమైన కోపం.

నేను నిఘంటువు ఆఫీసులో పనిచేస్తాను. అక్కడ ఒకటే కట్టుబాటు. ఉదాహరణ వాక్యం కల్పించి రాయడం మహాపాపం. మనిషి నోటితో అన్నదే, విని రాసుకోవాలి. ఇంకో అలవాటు కూడా ఉంది. ఎవరికి ఏ మాట అప్పజెబితే వాళ్ళను ఆ మాటతోనే పిలుస్తాం. నా పక్క బల్ల ఊపిరి గారిది. పాపం, ఆయనకు ఉబ్బసం. కిటికీ దగ్గర ఊయల గారు. నేను ఊడు గారిని. నిరుడు నాలుగు నెలలు ఉమ్మి గారిని, కనుక ఇప్పుడు హోదా పెరిగినట్టే లెక్క.

ఆవిడ కార్డులన్నీ మంచం మీద పరిచి చదివింది. గంట పట్టింది. ఆ తర్వాత అంది:

"పెళ్ళయి పందొమ్మిదేళ్ళు. నేను మాట్లాడుతుంటే తలూపుతున్నారని మురిసిపోయాను. వాక్యాలేరుకుంటున్నారన్నమాట! ఇరవై ఒక్క రోజులు చూస్తాను. నా మాట ఒక్కటి కార్డెక్కిందా, ఈ ఇంట్లో మీతో ఇంక నోరు విప్పను."

ఆవిడ అన్నంత పనీ చేసే మనిషి. నోరు మూసుకుంటే నాకు రెండు విధాల నష్టం. ఒకటి, భార్య మాట పోతుంది. రెండు, ఊడుకు ఇంతకు మించిన మూలం ఊళ్ళో లేదు. మొదటిదే ముఖ్యం. (రెండోదీ తక్కువేం కాదు.)

నియమాలు:
ఇంట్లో జేబులో కార్డు ఉండదు. పెన్ను ఉండదు.
ఆవిడ మాట్లాడితే మొహం చూస్తాను, నోరు చూడను.
మంచి క్రియాపదం పడగానే కనుబొమలు ఎగరేయను.

మా అమ్మాయి పదో తరగతి. నా మీద నిఘా దానికి అప్పగించారు. తలుపు మీద కాగితం అంటించి ఇరవై ఒక్క గళ్ళు గీసింది. ఖాళీ కార్డులు పెట్టిన అల్మారా తాళం కూడా దాని దగ్గరే. ఇరవై ఒక్క రోజులు! ఇదెంత, కళ్ళు మూసి తెరిచేలోగా అయిపోతుంది!


ఏప్రిల్ 4, మంగళవారం. సాయంత్రం 7.00

అద్భుతం! ఆవిడ అరగంట మాట్లాడింది. అరగంటా మొహమే చూశాను.

ఆవిడది బట్టలు సరిచేసే కొట్టు. పొట్టివి పొడుగు, పొడుగువి పొట్టి, లావైనవాళ్ళకి వదులు. రెండు మిషన్లు. ఆ కొట్టున్న మేడ పడగొడతారట, నెలాఖరుకి ఖాళీ చెయ్యమన్నారట. కొత్త చోటు వెతకాలి. నేను శ్రద్ధగా విన్నాను. ఆవిడ ఎడమ కనుబొమ పక్కన చిన్న పుట్టుమచ్చ ఉంది! ఎప్పట్నించి ఉందో!

మన ముందు గది వీధివైపే ఉంది కదా అని ఏదో అన్నట్టుంది. ఆ సమయానికి పుట్టుమచ్చ దగ్గర ఉన్నాను. ముందు గదిలో నా అట్టపెట్టెలుంటాయి, అరవై నాలుగు. ముప్పై ఏళ్ళ కార్డులు.

అమ్మాయి రెండో గడిలో టిక్కు పెట్టింది. పందొమ్మిదేళ్ళ కాపురంలో ఇంత బాగా నేనెప్పుడూ వినలేదు.


ఏప్రిల్ 6, గురువారం. మధ్యాహ్నం 1.20, ఆఫీసులో

అర్థం దొరికింది! దొరికినట్టే!

తాడు తెగుతుంది. కర్ర విరుగుతుంది. గుడ్డ చిరుగుతుంది. కుండ పగులుతుంది. ఆకు రాలుతుంది. బొత్తాం మాత్రం ఊడుతుంది. ఊడిన బొత్తాం బొత్తాంగానే ఉంటుంది, చొక్కా చొక్కాగానే ఉంటుంది. మధ్యలో పట్టు ఒక్కటే పోయింది. కనుక: "ఊడు: పట్టు వదిలి తన చోటు నుంచి బయటికి వచ్చు."

ఊపిరి గారు ఆయాసపడుతూ అడ్డం వచ్చారు. "మరి ఉద్యోగం ఊడడం? అక్కడ ఉద్యోగం ఉన్నచోటే ఉంటుంది. బయటికొచ్చేది మనిషి. కానీ ఊడింది ఉద్యోగమే అంటాం. ఎందుకంటారు?"

నేను ఊయల గారి వైపు చూశాను. ఊయల గారు కిటికీ వైపు చూశారు. టీ చల్లారిపోయింది.

పెద్దాయన, అంటే మా ప్రధాన సంపాదకులు, అద్దాలు పైకి నెట్టుకుని నా కట్టలు లెక్కపెట్టారు. పన్ను ఊడడం, జుట్టు ఊడడం, ముడి ఊడడం, ఉద్యోగం ఊడడం, ఆకాశం నుంచి ఊడిపడడం, అచ్చం తండ్రి నోట్లోంచి ఊడిపడ్డట్టుండడం. ఆరర్థాలకి కార్డులు కుప్పలు. ఏడోది దగ్గర ఆగారు. నష్టం గురించి ఎదురు ప్రశ్న. 'నీదేం ఊడింది?' దానికి రెండే కార్డులు. ఒకటి బస్సు కండక్టరు అన్నది. ఇంకోటి నేను కండక్టరుతో అన్నది.

"ఇద్దరూ మగవాళ్ళే. ఈ వాడుకని బతికించింది ఆడవాళ్ళయ్యా. ఇంట్లో వినపడాలిది. ఇరవయ్యో తారీఖున ఊకారం ప్రెస్సుకి వెళ్తోంది."

ఇంట్లో వినపడాలి. సరే. సరే!


ఏప్రిల్ 8, శనివారం. ఉదయం 10.45

ఒక విషయం స్పష్టం చేసుకోవాలి. నేను మాటిచ్చింది మా ఆవిడ మాటల గురించి. మా అత్తగారి మాటల గురించి కాదు. అత్తగారు మాతోనే ఉంటారు. ఆవిడ వేరే మనిషి, వేరే నోరు.

పొద్దున్న తుమ్మితే ఆవిడ పళ్ళ సెట్టు ఊడి కాఫీ గ్లాసులో పడింది. ఏ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళమంటారని అడిగాను, వీధి చివర ఇద్దరున్నారు. "పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం నాయనా!" అన్నారు.

ఒక్క కార్డు. ఒక్కటంటే ఒక్కటే. అమ్మాయి ట్యూషన్‌కి వెళ్ళింది. తాళంచెవి దాని పెన్సిలు డబ్బాలో ఉంటుందని నాకు తెలుసు.

అత్తగారు నేను రాయడం చూశారు. తప్పు పట్టలేదు సరికదా, ఉత్సాహపడ్డారు. "మళ్ళీ చెప్పనా అల్లుడుగారూ? ఈసారి పళ్ళు పెట్టుకుని చెప్తాను, స్పష్టంగా వస్తుంది."


ఏప్రిల్ 10, సోమవారం. సాయంత్రం 6.30

ఇవాళ వంటింట్లోంచి మా ఆవిడ: "ఈ మూకుడు పిడి మళ్ళీ ఊడొచ్చింది!"

ఊడొచ్చు! సంయుక్త క్రియ! నా జాబితాలోనే లేదు!

కార్డు మీద రాయలేదు. డైరీలో రాస్తున్నాను. డైరీ కార్డు కాదు. కార్డుకి కొలతలుంటాయి, గీతలుంటాయి, పైన కుడివైపు చిల్లు ఉంటుంది. డైరీకి ఏమున్నాయి? సబ్బు రేపర్ మీద కూడా రాశాను, నిజమే. సబ్బు రేపర్‌ని కార్డు అని ఎవరంటారు?

ఇప్పటిదాకా ఇవాళ్టి లెక్క: డైరీలో మూడు, రేపర్ మీద రెండు, చొక్కా చేతిమడత లోపల ఒకటి. కార్డుల మీద సున్నా. నా మాట మీద నేను నిలబడే ఉన్నాను.

వినగానే గుర్తుంచుకోవడానికి బాత్రూంలో దూరి, కుళాయి తిప్పి, వాక్యాన్ని నాలుగుసార్లు వల్లెవేస్తున్నాను. అమ్మాయి తలుపు కొట్టింది.

"నాన్నా, పొద్దున్నించి ఇది ఐదోసారి. కడుపులో బాగాలేదా?"

"బానే ఉందమ్మా."

"మరి లోపల ఎవరితో మాట్లాడుతున్నావు?"

ముందు గది గురించి ఆవిడ మళ్ళీ ఏదో అడిగిందట. అమ్మాయి చెప్పింది. నేను అప్పుడు మూకుడు పిడి వల్లెవేస్తున్నాను.


ఏప్రిల్ 13, గురువారం. ఉదయం 8.40, బస్సులో

సీటు దొరకగానే రాస్తున్నాను.

పొద్దున్న టిఫిన్ దగ్గర జరిగింది. ఆవిడ పళ్ళెం పక్కకి జరిపి, చేతులు కడుక్కొచ్చి, నా ఎదురుగా కూర్చుంది. నేను నియమం ప్రకారం మొహం చూశాను.

"నెలాఖరుకి ఇరవై రోజులు లేదు. నాకు రెండే దారులు. ఆ ముందు గది ఇస్తే మిషన్లు తెచ్చి ఇక్కడే వేసుకుంటాను, నా బేరాలు నాకుంటాయి. లేదంటే బట్టల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు పనికి రమ్మంటున్నారు. బస్సులో ఆరు గంటల దారి. అక్కడే ఉండాలి, నెలకోసారి వస్తాను. నాకు వెళ్ళాలని లేదు. మీ పెట్టెలు కదిలించమని అడగడానికి నోరు రాక ఇన్నాళ్ళు నాన్చాను. ఇప్పుడు మూడోసారి అడుగుతున్నాను. ఆ అట్టపెట్టెలు తీసి ఆ గది నాకిస్తే, మీదేం ఊడిపోతుందండీ?"

ఏడో అర్థం. ఎదురు ప్రశ్న. ఆడమనిషి నోట. ఇంట్లో. స్వచ్ఛంగా.

నేను అన్నాను: "ఒక్క నిమిషం. 'ఊడిపోతుంది' అన్నావా, 'ఊడుతుంది' అన్నావా?"

అనేశాక తెలిసింది ఏమన్నానో. అత్తగారు కళ్ళు మూసుకున్నారు. అమ్మాయి లేచి, తలుపు మీది కాగితాన్ని ఈ చివర్నించి ఆ చివరిదాకా ఎర్రగా కొట్టేసింది.

ఆవిడ అరవలేదు. అరిచినా బాగుండేది. అమ్మాయి చేతిలోంచి పెన్ను తీసుకుని నా పళ్ళెం పక్కన పెట్టింది. "'ఊడిపోతుంది' అన్నాను. రాసుకోండి" అంది. లోపలికి వెళ్ళిపోయింది.

రాసుకోండి అంది. పెన్ను ఆవిడే ఇచ్చింది. అంటే అనుమతి ఉన్నట్టే కదా?

కార్డు రాశాను. అక్షరాలు వంకరపోయాయి.


ఏప్రిల్ 15, శనివారం. సాయంత్రం 5.00

మూడో రోజు మౌనం. నాతో మాత్రమే. మిగతా ఇల్లంతా కళకళలాడుతోంది.

అంతకంటే ఘోరం, ఇంట్లో ఆ మాటని బహిష్కరించారు. పొద్దున్న అమ్మాయి వచ్చి, "నాన్నా, నీ నీలం చొక్కా మీద మూడో బొత్తాం ఇప్పుడు లేదని అమ్మ చెప్పమంది" అంది. చెప్పుల పట్టీ 'పని మానేసింది'. అత్తగారి పళ్ళ సెట్టు మళ్ళీ గ్లాసులో పడితే ఆవిడ నన్ను చూసి, తలుపు వైపు చూసి, "సెలవు పుచ్చుకుంది నాయనా" అన్నారు.

"ఒక్కసారి మామూలుగా అనండి అత్తయ్యగారూ."

"అమ్మో, నాకు అన్నం పెట్టేది అది."

మా ఆవిడ నెమ్మదిస్తుందనుకున్నాను. భార్యాభర్తల మధ్య ఇలాంటివి మామూలే, రెండ్రోజులుపోతే అవే సర్దుకుంటాయి, అని అద్దంలో నాకు నేను చెప్పుకున్నాను. అప్పుడే అమ్మాయి వచ్చి చెప్పింది. ఫ్యాక్టరీవాళ్ళకి అమ్మ వస్తానని చెప్పేసిందట. గురువారం పొద్దున్న బస్సట. అటక మీంచి సూట్‌కేసు దించిందట.

"వెళ్ళనీ. నెలకోసారి వస్తుందిగా" అన్నాను.

అమ్మాయి నన్ను చూసిన చూపుకి పేరు పెట్టడానికి మాట లేదు. నిఘంటువు ఆఫీసులో ఇన్నేళ్ళు పనిచేసినవాణ్ణి చెబుతున్నాను, లేదు.


ఏప్రిల్ 17, సోమవారం. మధ్యాహ్నం 3.15, ఆఫీసులో

11.30. విజయం! కార్డు పెద్దాయన చేతిలో పెట్టాను. నిలబడి చదివారు. మళ్ళీ పైకి చదివారు. "ఇలాంటి వాక్యం ఈ ఆఫీసుకొచ్చి ఎన్నేళ్ళయిందయ్యా! ఏడో అర్థానికి ఇదే మొదటి ఉదాహరణ. కండక్టరుని తీసెయ్యండి."

11.40. అందరూ నా బల్ల చుట్టూ చేరారు. 'పోతుంది' ఎందుకు చేరిందని వాదన. 'ఊడుతుంది' అంటే మామూలు నష్టం, 'ఊడిపోతుంది' అంటే అసలు నష్టమే లేదన్న వెటకారం అని ఊయల గారు. "ఆ చివర 'అండీ' చూడండి! ఎంత మర్యాదగా వాయించిందో!" నాకు ఒళ్ళు పొంగింది. మా ఆవిడ అని చెప్పుకున్నాను. రెండుసార్లు చెప్పుకున్నాను.

12.20. అందరూ వెళ్ళాక ఊపిరి గారు ఉండిపోయారు. మందు పీల్చుకుని, ఊపిరి అందాక, మెల్లిగా అడిగారు.

"ఇంతకీ మీరేం చెప్పారు?"

"దేనికి?"

"ఆవిడ అడిగింది కదండీ. గది ఇస్తే మీదేం ఊడిపోతుందని. జవాబేం చెప్పారు?"

కార్డు తిప్పి చూశాను. ఎందుకు చూశానో తెలియదు. కార్డు వెనక ఏమీ ఉండదు.

12.20 నించి ఇప్పటిదాకా ఒక్క పనీ చెయ్యలేదు. నాకు సిగ్గేసింది. తర్వాత భయం వేసింది. ఎల్లుండి దాటితే ఆవిడ ఉండదు. నన్ను మూడుసార్లు అడిగింది. ఒకసారి పుట్టుమచ్చ చూశాను, ఒకసారి కుళాయి తిప్పాను, ఒకసారి క్రియాపదం పట్టుకున్నాను. ఇరవైమంది ఆ వాక్యాన్ని పొడుగునా కోసి చూశాం. అందులో ఒక మనిషి నన్నేదో అడుగుతోందని ఉబ్బసం ఉన్నాయన చెబితే గానీ తెలియలేదు.


ఏప్రిల్ 18, మంగళవారం. సాయంత్రం 6.50

వరసగా రాస్తాను.

9.30. పెద్దాయన్ని కార్డు వెనక్కి ఇమ్మన్నాను. ప్రెస్సుకి వెళ్ళే కార్డు వెనక్కివ్వడం ముప్పై ఏళ్ళలో లేదన్నారు. "అది ఉదాహరణ కాదండీ. నన్నడిగిన ప్రశ్న" అన్నాను. "ఉద్యోగం ఊడుతుంది జాగ్రత్త!" అన్నారు. నాలుగో అర్థం, చక్కటి వాడుక. రాసుకోలేదు.

నేను అక్కణ్ణించి కదల్లేదు. చివరికి కార్డు ఇచ్చారు. కండక్టరు మళ్ళీ మొదటి ఉదాహరణ అయ్యాడు. నన్ను ఊకారం నించి తప్పించి ఋకారంలో వేశారు. ఋకారంలో ఉన్నవి గుప్పెడు మాటలు, అవి ఏ ఇంట్లోనూ ఎవరూ మాట్లాడుకోరు. రేపట్నించి నన్ను ఋషి గారంటారు.

11.00. సెలవు పెట్టి ఇంటికొచ్చాను. ముందు గది. అరవై నాలుగు పెట్టెలు. మొదటిది ఎత్తగానే అడుగు ఊడి ముప్పై ఏళ్ళ క్రితం కార్డులన్నీ కాళ్ళమీద పడ్డాయి. మంచాల కింద పదిహేడు. అటక మీద ఇరవై ఒకటి. అత్తగారి గదిలో పన్నెండు, ఆవిడ అడ్డు చెప్పలేదు, పెట్టె మీద పళ్ళ గ్లాసు పెట్టుకున్నారు. మిగతావి వంటింటి వెనక వరండాలో. నడుం పట్టేసింది. గోడల రంగు ఆకుపచ్చ అని ఇవాళే తెలిసింది.

5.10. ఆవిడ కొట్టు నించి వచ్చింది. చేతిలో కత్తెర్ల సంచీ. గుమ్మంలో ఆగిపోయింది. ఖాళీ గదిని చూసింది, దుమ్ముకొట్టుకున్న నన్ను చూసింది.

ఎన్నో అందామనుకున్నాను. ఒక్కటే వచ్చింది. "ఏమీ ఊడిపోదు."

ఆ కార్డు చేతిలో పెట్టాను. ఆవిడ దాన్ని చదవలేదు. తలెత్తి పైకి చూసింది. ఐదు రోజుల తర్వాత నాతో మొదటి మాట అంది. ఏమందో రాయను. సీలింగ్ ఫ్యాను గురించి. నేను వెళ్ళి స్క్రూడ్రైవరు తెచ్చాను.

ఫ్యాను బిగించి కిందికి దిగాక గచ్చు మీద కూర్చున్నాం. గంటసేపు మాట్లాడింది. నన్ను తిట్టింది కూడా. మధ్యలో ఒకసారి ఏడ్చింది, ఆ పందొమ్మిదేళ్ళ గురించి. నా కళ్ళూ తడిశాయి, దుమ్మని చెప్పాను, ఆవిడ నమ్మలేదు. ఫ్యాక్టరీకి ఫోన్ చేసి రానని చెప్పేసింది. సూట్‌కేసు ఇంకా మంచం మీదే ఉంది. "అది అక్కడే ఉండనివ్వండి కొన్నాళ్ళు" అంది. ఉండనిస్తాను.


ఏప్రిల్ 19, బుధవారం. సాయంత్రం 6.15

మొదటి రోజు!

తలుపు మీద కొత్త కాగితం. ఇరవై ఒక్క గళ్ళు కాదు, ఈసారి కాగితం నిండా గళ్ళే. నేను లెక్కపెట్టలేదు. కింద అమ్మాయి కొత్త నియమాలు రాసింది. అత్తగారి మాటలు కూడా అమ్మ మాటల కిందే లెక్క. సబ్బు రేపరు కూడా కార్డే. చొక్కా చేతిమడత కూడా కార్డే. డైరీ కూడా కార్డే.

డైరీ కూడా! సరే. ఒప్పుకున్నాను.

మధ్యాహ్నం మిషన్లు వచ్చాయి. కిటికీ పక్కన ఒకటి, గోడవారగా ఒకటి. అప్పుడే బేరం కూడా వచ్చింది, ఎవరిదో కోటు. ముందు గదిలో మిషను నడుస్తోంది. అత్తగారు గుమ్మంలో కూర్చుని ఊళ్ళో సంగతులు చెబుతున్నారు. మా ఆవిడ మిషను ఆపి, దారం పంటితో కొరికి, ఏదో అంది. అత్తగారు పళ్ళ సెట్టు పట్టుకుని మరీ నవ్వుతున్నారు.

అబ్బ! ఏం మాటంది! ఇన్నేళ్ళలో అలాంటి ప్రయోగం నేను

లేదు. పెన్ను మూత పెట్టేస్తున్నాను. వెళ్ళి అక్కడ కూర్చుంటాను.